బేరిపండ్ల వెనక డబ్బా

క్విరిన్ మెడలో దారానికి రెండే వేలాడేవి. ఒకటి గని పనివాళ్లను కాచే తల్లి సెయింట్ బార్బరా బిళ్ళ, రెండోది చిన్న ఇత్తడి తాళంచెవి. ముప్పై నాలుగేళ్లు ఉప్పుగనిలో, కొండ కడుపులో పనిచేసినవాడు ఆ తల్లి బిళ్ళ ఎందుకు వేసుకున్నాడో ఊళ్లో ఎవరూ అడగరు. తాళంచెవి తుపాకిమందు పెట్టెది.

ఆ పెట్టె పెరట్లో, బట్టలుతికే గదిలో ఉండేది. బీచ్ చెక్కతో తనే చేసుకున్నాడు. ఇనుముకు ఇనుము తగిలితే రవ్వ పుడుతుందని మేకులన్నీ రాగివే కొట్టాడు. ఊరి ఫిరంగి సంఘంలో పన్నెండు మంది. ఒక్కొక్కరికి ఒక్కో చేతిఫిరంగి. మూరెడు చెక్క పిడికి జానెడు ఉక్కు గొట్టం. అందులో గుండు ఉండదు. మందు పోసి, కార్కు బిరడా దిగగొట్టి పేలిస్తే వచ్చేది చప్పుడొక్కటే. పెళ్లికీ చావుకీ పండక్కీ ఆ చప్పుడు కొండల మధ్య దొర్లి దొర్లి, ఎక్కడో మంచులో పడుకునేది. క్రిస్మస్ ముందు వారమంతా మధ్యాహ్నం మూడింటికి కొండవాలున వరసగా నిలబడి పేల్చేవారు. పుట్టబోయే బాలయేసుకు దారి చూపడానికని పెద్దవాళ్లు చెప్పేవారు.

మందు మాత్రం ఎవరింట్లో వాళ్లదే. అందుకే సంఘానికో కాపలాదారు. ఇరవై ఆరేళ్లుగా అది క్విరినే. ఏటా నవంబరులో ఇంటింటికీ వెళ్లి పెట్టెలు చూసేవాడు. ఇంట్లో కిలో దాటకూడదు. మనుషులు కూర్చునే గదిలో, పడుకునే గదిలో, మెట్ల దగ్గర, అటక మీద ఉండకూడదు. నిప్పుకు దూరంగా, తాళం లోపల ఉండాలి. మందు ఒకచోట, దాన్ని అంటించే చిన్న రాగి టోపీలు ఇంకోచోట. ఈ మాటలు జపమాల తిప్పినట్టు అప్పజెప్పేవాడు. గీత గీసినట్టు వంకర లేని మనిషని ఊరు నవ్వేది. ఆ నవ్వు అతనికి ఇష్టంగానే ఉండేది.

రెండేళ్ల కిందట రూపర్ట్ ఇంట్లో మెట్ల కింది అలమరలో, మంచు మీద జారే చెక్కబండి పక్కన మందు డబ్బా దొరికింది. రూపర్ట్ పొగగొట్టాలు శుభ్రం చేసే పనివాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. సంఘంలో అందరికన్నా చిన్నవాడు. ఆ ఆదివారం సత్రంలో, అందరి ముందూ క్విరిన్ లేచి నిలబడ్డాడు.

"నిప్పుతో బతికేవాడివి, నీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నీలాంటివాడి పక్కన నేను వరసలో నిలబడను" అన్నాడు. జిల్లా ఆఫీసుకు ఉత్తరం కూడా తనే రాశాడు. రూపర్ట్ లైసెన్సు పోయింది. సంఘంలో చిన్నా పెద్దా అందరూ ఒకరినొకరు నువ్వనే పిలుచుకుంటారు. ఆ రోజు నుంచి రూపర్ట్ క్విరిన్‌ను మీరు అనడం మొదలుపెట్టాడు.

ఈ ఏడు వసంతంలో వాగు పొంగింది. నీళ్లు తీశాక కూడా బట్టలుతికే గది గోడలు చెమ్మ వదల్లేదు. జూన్‌లో చర్చి ఊరేగింపు రోజున పది ఫిరంగులు ఉరిమాయి. క్విరిన్‌ది మాత్రం బుస్సుమని, గొట్టం మూతి నుంచి బూడిదరంగు పొగ ముసలివాడి గడ్డంలా జారింది.

"తుమ్మింది పాపం. శతాయుష్షు" అన్నాడు పక్కనున్న సిక్స్టస్, సంఘం పెద్ద.

చర్చి మెట్ల మీది ఆడవాళ్లు కూడా నవ్వారు. క్విరిన్ కూడా నవ్వబోయాడు. పెదవులు విచ్చుకోలేదు. ఆ వేసవంతా రొట్టెల అంగట్లో, పాలకేంద్రం దగ్గర, ఎవరు తుమ్మినా అతనివైపే చూసినట్టు అనిపించేది.

డిసెంబరు రాగానే ఒకరోజు మందు డబ్బా చంకలో పెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. అక్కడ ఇల్లు వెచ్చబెట్టే పలకల పొయ్యి. దాని పక్క గోడగూట్లో భార్య ఆఫ్రా పండగ రొట్టె కోసం బేరిపండ్లు ఎండబెడుతుంది. పండ్ల పళ్లేన్ని ముందుకు జరిపి, డబ్బాను వెనక పెట్టాడు. ఒక్క రాత్రికే అనుకున్నాడు. చెమ్మ పీల్చేస్తే చాలు.

"నా పండ్ల వెనక ఏంటయ్యా అది?"

"ఉప్పు. గనిలోది. చెమ్మెక్కింది."

"ఉప్పుకి మూతెందుకు బిగించావు?" అని, జవాబు కోసం చూడకుండా పిండి కలపడానికి వెళ్లిపోయింది.

ఒక్క రాత్రి తొమ్మిది రోజులైంది. రోజూ పొద్దున ఆరింటికి ఆఫ్రా పైన్ పేళ్లు చీల్చి పొయ్యి రాజేసేది. పేళ్లు చిటపటమన్నప్పుడల్లా మంచం మీద క్విరిన్ కళ్లు తెరుచుకునేవి. ఇవాళ తీసేద్దాం అనుకునేవాడు. అంతలో జూన్ నాటి పొగ కళ్లముందు జారేది. ఇంకొక్క రోజు ఆరనీ అనుకుని అటు తిరిగి పడుకునేవాడు.

పదో రోజు ఉదయం రూపర్ట్ వచ్చాడు. చలికాలంలో ప్రతి ఇంటి పొగగొట్టం చూడటం అతని వంతు. నల్లని కోటు, భుజాన బ్రష్షు, మసి ముఖంలో తెల్లని కళ్లు. పొగగొట్టం పనివాణ్ని తాకితే శుభమని ఆఫ్రా అతని కోటు గుండీ ముట్టుకుంది.

"రా నాయనా. ముందు రొట్టె తిను, తర్వాత మసి."

"మసి తరవాతే రొట్టె రుచి పిన్నీ. మసి తీసే తలుపు ఎక్కడ, ఈ గూటి పైనేగా?"

క్విరిన్ కుర్చీలోంచి లేవబోయాడు. అప్పటికే రూపర్ట్ పండ్ల పళ్లెం పక్కకు జరిపాడు. అతని చెయ్యి గాలిలో ఆగింది. ఆ డబ్బా సంఘంలో పన్నెండు మందికీ తెలిసినదే. అతనూ ఒకప్పుడు అలాంటిదే కొన్నాడు.

"పిన్నీ, పొయ్యి ఎప్పుడు రాజేశారు?"

"ఎప్పట్లాగే ఆరింటికి. ఏం?"

"రోజూనా?"

"డిసెంబరులో రోజూ కాక ఏడాదికోసారా?" అని నవ్వుతూ ఇటు తిరిగింది. ఇద్దరి ముఖాలూ చూసి నవ్వు ఆపేసింది.

రూపర్ట్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. గొంతు పెంచలేదు. "నేను దీన్ని ముట్టుకోకూడదు. నా లైసెన్సు కాగితం మీరే తీయించారు కదా. మీరే తీయండి."

క్విరిన్ డబ్బా అందుకున్నాడు. గోరువెచ్చగా ఉంది, అప్పుడే పెట్టిన గుడ్డులా. రెండు చేతులతో పట్టుకుని మంచులో పెరటి దాకా నడిచాడు. ఇరవై అడుగులు. గనిలో ఎన్నో మైళ్లు నడిచాడు గానీ ఇంత దూరం ఎప్పుడూ నడవలేదు. వెనక తలుపు దగ్గర ఆఫ్రా నిలబడి చూస్తోందని వీపుకు తెలుస్తోంది.

తిరిగి వచ్చేసరికి రూపర్ట్ తనిఖీ కాగితం మీద ఏదో రాస్తున్నాడు. *పొగగొట్టం శుభ్రం. లోపం లేదు.*

"ఉన్నది ఉన్నట్టు రాయి" అన్నాడు క్విరిన్.

"నా పని పొగగొట్టం. అందులో లోపం లేదు."

"రూపర్ట్..."

"మా స్నానాల గది కప్పు కారింది. పెట్టె తడుస్తుందని నాలుగు రోజులు మెట్ల కింద పెట్టాను. పాప పుట్టిన వారం అది. తప్పే, కాదనను. కానీ ఎందుకు పెట్టావురా అని మీరు ఒక్క మాట అడగలేదు." బ్రష్షు భుజానికెత్తుకున్నాడు. "రొట్టె ఇంకోసారి తింటాను పిన్నీ."

అతను వెళ్లాక ఆఫ్రా పళ్లెంలోని పండ్లు ఒక్కొక్కటీ తీసి జాడీలో వేసింది. చివరి పండు వేసి, "ఉప్పన్నావు" అంది. అంతే. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఆ తర్వాత రెండు రోజులూ ఆమె పొయ్యి రాజేసేముందు గూట్లోకి ఒకసారి చెయ్యి పెట్టి తడిమి చూసేది. ఆ చెయ్యి చూసినప్పుడల్లా క్విరిన్‌కు మళ్లీ గనిలోకి దిగిపోవాలనిపించేది.

రూపర్ట్ చెప్పడని అతనికి తెలుసు. చెబుతాడన్న భయం ఉంటే దాని వెనక దాక్కోవచ్చు. ఆ చాటు కూడా లేకుండా పోయింది.

ఆదివారం పూజ అయ్యాక సత్రంలో క్రిస్మస్ వరసలు రాసుకోవడానికి అందరూ కూర్చున్నారు. క్విరిన్ మెడలోంచి దారం తీశాడు. బిళ్ళను జేబులో వేసుకుని, తాళంచెవిని బల్ల మీద పెట్టాడు. గూడు, పేళ్లు, తొమ్మిది రోజులు, ఉప్పని ఆడిన అబద్ధం, రూపర్ట్ చూడటం, అన్నీ చెప్పాడు.

 సిక్స్టస్ బీరు గ్లాసు దించి అతని వీపు తట్టాడు.

"సరేలే ముసలోడా. ఏమీ పేలలేదుగా. పేలినా తుమ్మే కదా వచ్చేది."

బల్ల చుట్టూ నవ్వు లేచింది. మంచి నవ్వే, క్షమించే నవ్వు. అది క్విరిన్ ముఖం మీద వేడినీళ్లలా పడింది.

"రూపర్ట్‌కి మీరు నవ్వలేదు" అన్నాడు.

"నువ్వు నవ్వనిచ్చావా?" అన్నాడు చివర కూర్చున్న ఒకాయన.

"లేదు. అందుకే ఇప్పుడూ నవ్వకండి."

ఇంటికొచ్చి సొరుగులోంచి పాత ఉత్తరం నకలు తీశాడు. జిల్లా ఆఫీసుకు రూపర్ట్ మీద రాసినది. ఒక్క మాట మెత్తన చెయ్యకుండా, పేరు మాత్రం మార్చి తిరిగి రాశాడు. *బాధ్యత తెలియని మనిషి* అన్నచోట కలం ఆగింది. అదే మాట ఎంత తేలిగ్గా రాశాడో అప్పుడు! ఆగిన కలాన్ని మళ్లీ కదిపి పూర్తి చేశాడు. మందునంతా బకెట్ నీళ్లలో కలిపి, మంచు తవ్వి, ఎండిన పూలచెట్ల మొదట్లో పోశాడు. నల్లని నీళ్లు తెల్లని నేలలోకి నెమ్మదిగా ఇంకిపోయాయి.

పండగ వారం మొదటి రోజు, మూడింటికి కాస్త ముందు, రూపర్ట్ ఇంటి తలుపు తట్టాడు. రూపర్ట్ పాపనెత్తుకుని బయటికి వచ్చాడు. క్విరిన్ ఉత్తరం నకలు అందించాడు. అతను నిలబడే చదివాడు.

"దీంతో నా కాగితం తిరిగి రాదు."

"రాదు. తెలుసు."

"మరెందుకు ఇటు వచ్చారు?"

"ఆ రోజు అడగనిది అడుగుదామని. ఆ కప్పు ఇంకా కారుతోందా?"

రూపర్ట్ లోపలికి రమ్మనలేదు. తలుపు కూడా వెయ్యలేదు. అంతలో కొండవాలున మొదటి ఫిరంగి ఉరిమింది. పాప ఉలిక్కిపడి తండ్రి మెడ పట్టుకుంది. ఇద్దరూ గడపకు అటూ ఇటూ నిలబడి, అలవాటుకొద్దీ, లోలోపల లెక్కపెట్టారు. పది. ఆ తర్వాత వచ్చింది కొండల మారుమోతే. క్విరిన్ చెయ్యి మెడ దగ్గరికి వెళ్లి, దారం లేని చోట వట్టి చర్మాన్ని తాకి, కిందికి దిగింది.