దీపం గూడు రోడ్డు వైపు

మా ముత్తాతగారు మునసబు. ఊళ్ళో ఏ తగువైనా ఆయన అరుగు దాటి పోలీసు స్టేషను దాకా వెళ్ళేది కాదు. మా తాతగారు సమితి ప్రెసిడెంటుగా చేశారు. గుంటూరుకూ మంగళగిరికీ మధ్య, రోడ్డు పక్కన మా మిర్చి చేను దగ్గర బస్సు ఆగేదంటే ఆయన వల్లే. అక్కడ ఊరు లేదు. ఉన్నదల్లా మా ఇనప గేటు ఒక్కటే. ఆ స్టేజీని తోట గేటు అనేవారు. ఆయన ఎదుట చెప్పులేసుకుని నడిచినవాళ్ళను నేను చూడలేదు. మా నాన్నగారు మిర్చి కమీషను వ్యాపారంలో దిగి పొలాలు చాలావరకు పోగొట్టారు, కానీ ఇస్త్రీ చొక్కా లేకుండా యార్డులో ఏనాడూ అడుగు పెట్టలేదు. వాళ్ళ తరవాత నేను. బ్రాడీపేటలో రెండు గదుల అద్దె వాటాలో ఉంటాను. ఇస్త్రీ చొక్కా విషయంలో మాత్రం మా నాన్నగారి కొడుకునే.

తాతగారు పోయినప్పుడు ఆ చేలోనే, రోడ్డుకు దగ్గరగా, ఆయనకు సమాధి కట్టించారు నాన్నగారు. మనిషి పొడుగున అరుగు, తల వైపున నడుమెత్తు దిమ్మె, దిమ్మెకు ఆయన పేరు చెక్కిన పాలరాతి పలక, దాని పక్కన దీపం గూడు. గూడు పడమరకు, అంటే రోడ్డు వైపు ఉండాలని నాన్నగారు పట్టుబట్టారట. తిథినాడు సాయంత్రం దీపం పెడితే బస్సులో పోయేవాళ్ళకు కనపడాలి. కనపడేది కూడా.

చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లయ్యాక మా చేను కౌలుకు చేసేవాళ్ళు దొరకలేదు. అమ్మాను. కొన్నాయన అద్దంకి వైపు నుంచి వచ్చిన బిల్డరు, మర్యాదస్తుడు. మాటలు మా వాటాలోనే జరిగాయి. మధ్యలో తాంబూలం పళ్ళెం ఉంది, మా ఆవిడ కాగితాల అంచులకు పసుపు రాస్తోంది. అలాంటి చోట సమాధి మాట ఎవరూ ఎత్తరు. నేను ఎత్తలేదు. చేను చూడటానికి వచ్చినప్పుడు దాని పక్కనే నిలబడి ఫోను మాట్లాడిన మనిషి, ఆయనా ఎత్తలేదు. అది తప్పని నేను ఇప్పటికీ అనను. మా వైపు సమాధి ఉన్న చేను కొన్నవాడు దాన్ని వదిలేసి చుట్టూ దున్నుకుంటాడు. ఏడాదికోసారి దీపం పెట్టడానికి వచ్చినవాళ్ళకు అడ్డు చెప్పడు. ఇది ఎక్కడా రాసుకోరు, ఎవరూ అడిగి తెలుసుకోరు. కొన్న మనిషి దున్నడానికి కొనలేదన్న సంగతి మాత్రం నాకు తోచలేదు.

ఆ తరవాత నా మోకాళ్ళకు ఆపరేషన్ అయింది. రెండేళ్ళు తిథినాడు వెళ్ళలేకపోయాను. ఈ ఏడు నూనె సీసా, వత్తులు, ప్రమిద సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. బస్సు నిండా ఆడవాళ్ళే. ఎవరో లేచి చోటిచ్చారు.

"ఎక్కడికి పెద్దాయనా?" అన్నాడు కండక్టరు.

"తోట గేటు."

"ఆ పేరుతో స్టేజీ లేదండి."

"ఉంది. మీరు పుట్టకముందు నుంచీ ఉంది."

పక్కనున్నావిడ నవ్వింది. "కొట్టవయ్యా టికెట్టు. పెద్దాయన చూస్తే స్టేజీ సొంతంగా కట్టించుకున్నట్టే ఉన్నాడు."

"మా తాతగారు పెట్టించారు," అన్నాను. ఆవిడ ఈసారి నవ్వలేదు, కిటికీలోంచి బయటికి చూసింది.

చివరికి కండక్టరే, "సర్వీసు రోడ్డు మీద కొత్త అపార్ట్‌మెంట్లు పడ్డాయి, ఆ దగ్గరేనా?" అని అడిగి టికెట్టు చేతిలో పెట్టాడు. అవునో కాదో నాకు తెలియలేదు. దింపిన చోట దిగాను.

మా ఇనప గేటు లేదు. రోడ్డు రెండింతలు వెడల్పయింది. మా చేను మొత్తం ఐదంతస్తుల మేడయి నిలబడి ఉంది, కింద కార్లు, పైన బాల్కనీల నిండా ఆరేసిన బట్టలు. పక్కన ఇంకో మేడకు సెంట్రింగ్ కొడుతున్నారు. నేను ఇంతదాకా ఊహించుకునే వచ్చాను. సమాధి పగలగొట్టి ఉంటారేమో అని కూడా దారంతా అనుకుంటూనే ఉన్నాను. దానికైతే సిద్ధంగా ఉన్నాను.

"ఏ ఫ్లాటండి?" అన్నాడు వాచ్‌మన్.

నేను అతని పక్కనుంచి లోపలికి నడిచాను. కాంపౌండు గోడ లోపల, గేటు పక్కనే, నాకు కనిపించింది. అదే అరుగు. అదే దిమ్మె. దిమ్మెకు పసుపు రంగు వేసి ఎర్రటి బొట్లు పెట్టారు. పైన గుబురుగా తులసి మొక్క. పిల్లల స్కూలు బస్సు కోసం వచ్చిన ముగ్గురు ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఒకావిడ చెప్పుల కాళ్ళు ఊపుతోంది. దీపం గూట్లో చీపురు పెట్టి ఉంది.

చేతిలో సంచి ఎప్పుడు కింద పెట్టానో గుర్తు లేదు.

"కూర్చోండి పెద్దాయనా," అంటూ కాళ్ళూపుతున్నావిడ జరిగింది. "మొహం అలా అయిపోయిందేంటి, ఎండా? తులసమ్మ ఆ చివరనే ఉంది, ఈ చివర కూర్చోవచ్చు. బిల్డరు గారు మా కోసమే ఇంత పొడుగు కట్టించారు."

"రోజూ మూడు ప్రదక్షిణలు చేస్తుంది ఈవిడ," అంది ఇంకొకావిడ. "లోను తీరిపోతుందని."

"నీదీ తీరాలనే కదే నేను తిరిగేది."

వాళ్ళు నవ్వుకున్నారు. నేను కూర్చోలేదు. ఎలా కూర్చుంటాను?

సెంట్రింగ్ కొడుతున్న మేడ కింద గదిలో బిల్డరు ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఎందుకొచ్చానని అడగలేదు. తలుపు మాత్రం దగ్గరికి వేశాడు.

"మీరు చెప్పలేదు, నేను అడగలేదు బాబాయిగారూ," అన్నాడు. "పునాదులప్పుడు తీయించేద్దామంటే మేస్త్రి గునపం పట్టనన్నాడు. నాకూ మనసొప్పలేదు. అలా వదిలేస్తేనా, గేటు పక్కన సమాధి ఉందంటే ఫ్లాటు ఒక్కటీ అమ్ముడుపోదు. రాత్రింబవళ్ళు ఆలోచించి మొక్క నాటించాను."

"దాని మీద కూర్చుంటున్నారు."

"కూర్చోవద్దంటే ఎందుకంటారు. ఏం చెప్పను?"

నేను సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"రోజూ నీళ్ళు పోస్తున్నారు, ముగ్గు పెడుతున్నారు. మా తాతకి నేను ఏడాదికోసారి కూడా చేయను ఇంత," అన్నాడు. ఆ తరవాత గొంతు తగ్గించాడు. "ఏటా రండి, దీపం పెట్టుకోండి, మిమ్మల్ని ఎవరూ ఏమనరు. ఆ మాట ఒక్కటీ బయట పెట్టకండి. పెడితే రేపే అందరూ కలిసి తీయించేస్తారు. నా చేతిలో ఉండదు."

బీరువా వెనక నుంచి గోనెగుడ్డ చుట్టిన పలక తీశాడు. తాతగారి పేరు. "ఆటో పిలిపించమంటారా?"

రెండు గదుల వాటాలో దాన్ని ఎక్కడ నిలబెడతాను? మంచం పక్కనా, గ్యాసు సిలిండరు పక్కనా? "ఇప్పుడొద్దు," అన్నాను. ఆయన దాన్ని మళ్ళీ గోడ వైపు తిప్పి పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. స్కూలు బస్సు వచ్చి వెళ్ళింది. అరుగు మీద ఎవరూ లేరు. కాళ్ళూపినావిడ ఒక్కతే చెంబుతో తులసికి నీళ్ళు పోస్తోంది. నేను గూట్లోంచి చీపురు తీసి గోడకు ఆనించాను. జేబురుమాలుతో గూడు తుడిచాను. ప్రమిద పెట్టి నూనె పోశాను.

"అక్కడ పెడుతున్నారేంటండి? మేం తూర్పు వైపు పెడతాం," అంది ఆవిడ. "ఆ గూడు ఎందుకుందో కూడా మాకు తెలీదు."

ఒక్క మాట చాలు. అది ఆయన పేరు. ఆ పేరు పైకి అంటే ఆవిడకు తెలుస్తుంది, రేపటికి మేడంతా తెలుస్తుంది, ఎల్లుండికి దిమ్మె ఉండదు. అనకపోతే ఆయన ఉంటారు, ఎవరూ కాకుండా. నాన్నగారైతే అనేసేవారు. అగ్గిపుల్ల వేలు కాల్చేదాకా నేను అలాగే నిలబడ్డాను. రెండో పుల్లతో వెలిగించాను.

"మీరు ఎవరి తాలూకండి?" అంది ఆవిడ.

ఈ ప్రశ్న నన్ను చిన్నప్పటి నుంచీ అడుగుతున్నారు. ముత్తాతగారి దగ్గర మొదలుపెట్టి చెప్పడం నాకు అలవాటు.

"ఎవరి తాలూకూ కాదమ్మా," అన్నాను. "బస్సు కోసం వచ్చాను."

"మంచిది. పెట్టండి, పుణ్యం," అని ఆవిడ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళింది.

బస్సు వెంటనే వచ్చింది. మేడ వైపు కిటికీలో కూర్చుని వెనక్కి చూశాను. కాంపౌండు గోడ అడ్డం వచ్చి దీపం కనపడలేదు.

దస్తావేజులో రాసిన ప్రకారం నేను అమ్మింది ఎకరం పది సెంట్లు, నాలుగు హద్దుల లోపల ఉన్న నిధి నిక్షేప జల తరు పాషాణాలతో సహా.