ఎస్తేరు అడిగేదాకా ఆగాం: ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు

మా ఎస్తేరుకు ఏడేళ్లు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది, ఇంకా మాటలు రాలేదు. వచ్చే ఏడాది పాపను రెండో తరగతిలో కూర్చోబెట్టాలా, ఇంట్లోనే ఉంచుకుంటారా అని బడిలో టీచరమ్మ అడిగింది. మనం చెప్పేది తనకెంత అర్థమవుతోందో, తనకు కావలసింది ఎలా తెలియజేస్తోందో ఒకసారి పరీక్ష చేయించమని ఆమే సలహా ఇచ్చింది. ఆత్మకూరుకు వారానికోసారి స్పీచ్ థెరపిస్టు వస్తారని తెలిసీ కొన్నాళ్లు వాయిదా వేశాను. ఈ పిల్లకు ఏమీ అర్థం కాదని తేల్చేస్తే ఆ మాటతో ఇంటికెలా రావాలన్నదే నా భయం.

చివరికి మొన్న మంగళవారం ఉదయగిరిలో పొద్దున ఏడింటి పల్లెవెలుగు బస్సు ఎక్కాం. నేను, పాప, మా అత్త. ఆమెను ఇంట్లో అందరం అవ్వ అనే పిలుస్తాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు. ప్రయాణం గంటన్నర దాకా పట్టింది. పాప ఇలా కదిలితే అవ్వ నీళ్ల సీసా అందించేది, అలా కదిలితే తువ్వాలు కప్పేది. మాటలు రాని బిడ్డకు మాటల పరీక్షేందని దారంతా సణుగుతూనే ఉంది. ఆత్మకూరు బస్టాండులో ఆటో అతను నలభై రూపాయలు అడిగాడు. ఎక్కడికో చెప్పగానే డ్రైవరు పాప వైపు తిరిగి చూశాడు. "మా అక్క కొడుకును గూడా ఆడికే తీసకపోతా ఉండాను. భయమేం లేదక్కా, ఆడిపిస్తారు, అంతే" అన్నాడు.

థెరపిస్టు ముప్పై ఏళ్లు దాటని అమ్మాయి. పాపకు మేం ముందే చేయించిన చెవుల పరీక్ష రిపోర్టు చూశాకే చాప మీద కూర్చుంది. ఇంట్లో వాడే వస్తువులు తెమ్మని ఫోన్‌లో ముందే చెప్పింది కాబట్టి గిన్నె, దువ్వెన, మా ఊరి కొయ్య చెంచా తీసుకెళ్లాం. "చెంచా అవ్వకియ్యి" అంది పాపతో. నేను తెలియకుండానే చెంచా వైపు చూశాను. నా చూపును బట్టి పాప కనిపెట్టేస్తుందని, నన్ను కిటికీలోంచి బయటికి చూడమని, పాపకు అదే మాట మళ్లీ చెప్పింది. కాసేపటికి వెనక నుంచి అవ్వ గొంతు వినబడింది. "ఇచ్చింది" అంది, నాకు మాత్రమే వినబడేంత మెల్లగా.

తర్వాత థెరపిస్టు ఒక డబ్బాలో బిస్కెట్లు వేసి, మూత గట్టిగా బిగించి పాప ముందు పెట్టింది. ఎస్తేరు చెయ్యి చాచేలోపే అవ్వ మూత తీసేసింది. రెండోసారీ అంతే. థెరపిస్టు నవ్వి, ఈసారి అవ్వను చేతులు కట్టుకోమంది. పాప మూత మీద కొట్టింది, అవ్వ వైపు చూసింది, ఏడుపు మొహం పెట్టింది. అవ్వ తల దించుకుంది. అప్పుడు ఎస్తేరు లేచి, డబ్బా తీసుకెళ్లి థెరపిస్టు ఒళ్లో పెట్టి, ఆమె చెయ్యి పట్టి మూత మీద ఆనించి, మొహంలోకి చూసింది.

"అడిగింది. చూశారా?" అందా అమ్మాయి.

మాటలెప్పుడొస్తాయని అడిగాను. అది చెప్పలేనంది. అర్థం చేసుకోవడం మాత్రం మేం అనుకున్నదానికంటే చాలా ముందుందనీ, బొమ్మలతో, సైగలతో మొదలుపెడదామనీ, బడి మాన్పించొద్దనీ చెప్పింది. అవ్వ పాపను దగ్గరికి తీసుకుంది. "అయితే దానికి అడిగే పనే లేకుండా చేసినానా తల్లీ?" అంది. "ప్రేమతోనే చేశారవ్వా. ఇకమీద కొంచెం ఆగండి, చాలు" అంది థెరపిస్టు.

బస్టాండు దగ్గర చిన్న హోటల్లో తినడానికి కూర్చున్నాం. పాపకేం తేవాలని వంటాయన అవ్వను అడిగాడు. "దాన్నే అడుగు నాయనా" అంది అవ్వ. ఆయన కాస్త తికమకపడి, ఒక చేత్తో పూరీ, ఇంకో చేత్తో దోసె పట్టుకొచ్చి నిలబడ్డాడు. ఎస్తేరు రెండూ చూసింది. తొందరపడలేదు. దోసె వైపు వేలు చూపింది.

వంటాయన దోసె పెట్టి వెళ్లిపోయాడు. ఆయనకది రోజూ జరిగే బేరమే. ఏడేళ్లుగా నా బిడ్డ మౌనంగా ఉందనుకున్నాను. తను చెబుతూనే ఉంది, మేమే తన వంతు వచ్చేలోపు అందుకుంటున్నాం. పిల్లకు మాటలొస్తాయో లేదోనన్న దిగులు నాకు పోలేదు. కానీ ఇప్పుడు ఆ దిగులుతో పాటు చెయ్యడానికి ఒక పని కూడా ఉంది. మీలో ఎవరైనా ఇలాంటి పరీక్షకు బయల్దేరుతుంటే ఒక్కటే చెబుతాను: రిపోర్టులు మోసుకెళ్లే మనిషితో పాటు, బిడ్డను రోజంతా కనిపెట్టుకుని ఉండే మనిషిని కూడా తప్పకుండా వెంటబెట్టుకెళ్లండి.