వీరులపాడు వంకర

నందిగామలో చందర్లపాడు రోడ్డుకు పోయి తాపీ మేస్త్రి ఆశీర్వాదం ఇల్లెక్కడని అడిగితే, "బొంతల జీవరత్నం ఇల్లేనా?" అని ఎదురు అడిగేవాళ్ళు. మొదట్లో ఆశీర్వాదానికి అది కాస్త చిన్నతనంగా ఉండేది. రానురాను తనే కొత్తవాళ్ళకు "బొంతల జీవరత్నం మొగుణ్ణండీ" అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

జీవరత్నానికి బొంత కుట్టడం నేర్పింది అత్త ఆరోగ్యమ్మ. పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచులు మడిచి, పెద్ద సూదితో వరస కుట్లు వేసుకుంటూ పోవడమే అత్త పద్ధతి. పైన ఏ చీర పడితే ఆ చీరే. జీవరత్నం మాత్రం బజార్లో టైలరు ఊడ్చి పారేసే జాకెట్ ముక్కలు ఏరి తెచ్చి, వాటిని ఒకదానికొకటి అతికి పైపొర తయారుచేసేది.

"కప్పుకునేదానికి సోకెందుకే? కళ్ళు మూసుకుని పడుకునేవాడికి ఎరుపైతే ఏంది, పసుపైతే ఏంది?" అనేది ఆరోగ్యమ్మ.

"పొద్దున్నే మడతపెట్టేది నేనేగా అత్తా. నాకు కనపడుద్ది."

పత్తి చేలో కలుపుకీ, మిరపకోతలకీ కూలికి పోయివచ్చాక దొరికే పొద్దంతా ఆ ముక్కలతోనే. బురదలో కోడి నడిచిన గుర్తు చూస్తే ఒక బొంత. కల్లంలో మిరపకాయలు ఎండబోసిన తీరు చూస్తే ఇంకో బొంత. చూసింది మర్చిపోకుండా కూతురి గ్రాఫు పుస్తకంలో రంగు పెన్సిళ్ళతో గళ్ళు నింపుకునేది. ముక్కలు నలుచదరంగా తెగడం లేదని తంటాలు పడుతుంటే ఆశీర్వాదం తన మూలమట్టం తెచ్చి చేతిలో పెట్టాడు.

"గోడకైనా గుడ్డకైనా మూల మూలేనే" అన్నాడు. మర్నాడు పనిలో మూలమట్టం లేక, ఇల్లు కట్టించుకునేవాళ్ళ చేత నానా మాటలూ పడ్డాడు.

1997లో వేదాద్రి వైపు కూలికి పోయినరోజు, అన్నం వేళకు కృష్ణ ఒడ్డున కూర్చుని జీవరత్నం రేవు మెట్లు చూసింది. పై మెట్లు ఎండకు తెల్లగా ఉన్నాయి. కిందికి పోయేకొద్దీ తడిసి నల్లబడుతున్నాయి. ఆ రంగుల వరసను గడిగడికీ మెట్లుమెట్లుగా అతికి బొంత చెయ్యడానికి నాలుగు నెలలు పట్టింది. మూడుసార్లు విప్పి మళ్ళీ కుట్టింది. ఆ బొంత తమ వీధిలో ఉండే గ్రేసీ టీచరు గారు అడిగి చేయించుకున్నది. ఆవిడ దాన్ని డాబా పిట్టగోడ మీద ఎండేస్తే రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

రెండేళ్ళ తరవాత ఒకరోజు జీవరత్నం వీరులపాడులో ఉన్న అక్కను చూడటానికి బస్సెక్కింది. వీరులపాడు ఇంకా రాకముందే, ఒక కిరాణాకొట్టు వెనక దండెం మీద తన వేదాద్రి మెట్లు కనిపించాయి.

"ఆపండి! ఆపండి! నా మెట్లు ఆ తీగ మీద ఉన్నాయండీ!"

కండక్టరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె మొహం చూసి విజిల్ వేశాడు.

కొట్టులో తూకం వేస్తున్నావిడకు యాభై ఏళ్ళుంటాయి. పేరు తిరుపతమ్మ. కొట్టు ఆవిడదే.

"ఏం కావాలమ్మా?"

"ఆ బొంత ఎవరు కుట్టారండీ?"

"నేనే. ఏం?"

"అది నేను గీసుకున్న మాదిరండీ. గ్రేసీ టీచరు గారికి కుట్టిచ్చా."

తిరుపతమ్మ చేతిలో పొట్లం పక్కన పెట్టేసింది. దెబ్బలాటకు సిద్ధపడ్డ జీవరత్నం ముందు ఆవిడ మొహం వెలిగిపోయింది.

"అది నువ్వా! నందిగామలో పెళ్ళికొచ్చి ఆ వీధిన పోతూ చూశా. మళ్ళీ చూద్దామంటే కుదర్లా. జ్ఞాపకం ఉన్నంతమట్టుకు కుట్టా గానీ ఎక్కడో తప్పు పోయింది. నా మెట్లు ఎక్కవు, దిగవు. ఏం తప్పు చేశానో కాస్త చెప్పు తల్లీ!"

జీవరత్నం దండెం దగ్గరికి పోయి చూసింది. ఒక గడి సరిగ్గా, ఒక గడి తలకిందులుగా అతికించి ఉంది. దగ్గరగా చూస్తే తప్పే. నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే బొంత మొత్తం అలలు అలలుగా కదులుతోంది. ఇది నాకెందుకు తట్టలేదు, అనుకుంది.

తిరుపతమ్మ వైపు తిరిగి అంది. "తప్పు కాదండీ ఇది. నాకంటే బాగా వచ్చింది."

"ఊరుకో, వంకర పోయిందంటే!"

"ఆ వంకరే బాగుందండీ."

ఇద్దరూ బొంతను కొట్టు అరుగు మీద పరిచి కూర్చున్నారు. ఉప్పుకొచ్చినవాళ్ళను తిరుపతమ్మ "నువ్వే తీసుకో, సంచీలో ఉంది" అని లోపలికి పంపేసింది. జీవరత్నం అక్క ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. ఆలస్యమెందుకైందో చెబితే అక్క నమ్మలేదు.

ఆనాటి నుంచి వాళ్ళిద్దరూ కలిసి కుట్టారు. తలకిందుల గడికి 'వీరులపాడు వంకర' అని జీవరత్నమే పేరు పెట్టింది. జగ్గయ్యపేటలో తిరుపతమ్మ తమ్ముడు కుటుంబరావుకు బట్టలకొట్టు ఉంది. తానుల చివర మిగిలిన ముక్కలు అక్కడినుంచి మూటలుగా వచ్చేవి. అంచుకు పసుపు వెయ్యాలని ఒకరు, నలుపు వెయ్యాలని ఇంకొకరు పంతం పట్టి, ఒక బొంత రెండు నెలలు అంచు లేకుండానే పడి ఉంది. చివరికి రెండు వైపులా పసుపు, రెండు వైపులా నలుపు వేశారు. కుటుంబరావు దాన్ని కొట్లో గోడకు తగిలిస్తే, చీరలకొచ్చినవాళ్ళు ముందు బొంత బేరమాడేవాళ్ళు.

2004లో డ్వాక్రా గ్రూపు ఆడవాళ్ళు నేర్పమని వచ్చారు. జీవరత్నం కూలి మానేసి పన్నెండుమందికి నేర్పింది. వాళ్ళలో జయమణి అనే పిల్ల గడులే లేకుండా ముక్కల్ని ఇష్టం వచ్చినట్టు అతికింది.

"నాకు నచ్చలేదమ్మా" అంది జీవరత్నం.

"నాకు నచ్చిందండీ" అంది జయమణి.

"అయితే విప్పకు. పూర్తిచెయ్యి."

ఆ రోజుల్లోనే నందిగామ మీదుగా హైవేని వెడల్పు చేస్తున్నారు. జీవరత్నం రోజూ పోయి కొత్త తారు మీద తెల్లగీతలు వెయ్యడం చూసి వచ్చేది. నల్లముక్కల మధ్య తెల్లపట్టీలు, పక్కన తవ్విన ఎర్రమట్టి రంగుతో ఒక బొంత కుట్టింది. అది చూసి తిరుపతమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"రోడ్డు కప్పుకుని ఎవరు పడుకుంటారే?"

"లారీవాళ్ళండీ!"

నిజంగానే దాన్ని కొన్నది భవానీప్రసాద్ అనే లారీ డ్రైవరు. జగ్గయ్యపేట నుంచి సిమెంటు లోడు తోలేవాడు. కేబిన్‌లో సీటు వెనక పరుచుకున్నాడట. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు.

"ఇలాంటివే ఇంకో నాలుగు కావాలక్కా. మావాళ్ళు అడుగుతున్నారు."

"ఇలాంటివే నాలుగు నావల్ల కాదు తమ్ముడూ. నాలుగు రకాలైతే కుడతా" అంది జీవరత్నం. కూతుర్ని కేకేసి గ్రాఫు పుస్తకం తెమ్మంది.