మస్తాన్ మేస్త్రీ ఇచ్చిన బిళ్ళ

మైపాడు బస్టాండులో బాండీ నిండా ఇసుక పోసి వేరుశనక్కాయలు వేయిస్తుంటారు. ఆ కాలిన ఇసుక వాసన తగిలితే ఇప్పటికీ నా కాళ్ళు ఆగిపోతాయి. కాయలు కొనడానికి కాదు. ఆ వాసన వెనకాలే మా మస్తాన్ మేస్త్రీ గుర్తుకొస్తారు. ఇస్త్రీ నలగని ఖాకీ చొక్కా, చెవిలో అత్తరు దూది, సముద్రపు హోరులోనూ వినపడే గొంతు.

అరవైలలో మా తీరాన నల్ల ఇసుక కర్మాగారం పెట్టారు. అణు ఇంధనానికి పనికొచ్చే ఖనిజం మా ఇసుకలో ఉందట. ఆ ఇసుకను కడిగి, వేడిమీద ఆరబెట్టి, ఖనిజాన్ని వేరుచేయాలి. వేటకు పోతే చేప పడిన రోజే కూడు. ఇక్కడ నెల తిరిగితే జీతం. పల్లెలో ఇంటికొకరిని తీసుకున్నారు. మా ఇంటి ఉద్యోగం నాకు దక్కింది. ఆ సంగతి అమ్మ వీధంతా తిరిగి చెప్పుకుంది. మాకు పని నేర్పడానికి నెల్లూరు నుంచి వచ్చినవారే మస్తాన్‌గారు. మహా కోపిష్టి. ఒక్కొక్కరి పేరున ఇచ్చిన బిళ్ళను చొక్కాకు పెట్టుకోకుండా వస్తే గేటులోంచే వెనక్కి తరిమేవారు.

పడవలో చోటు ఇంటిదే గాని మనిషిది కాదు. అన్నకు ఒంట్లో బాగాలేకపోతే తమ్ముడు తెడ్డు పడతాడు; చేపల్లో ఆ ఇంటి పాలు ఇంటికే వస్తుంది. నాకు జ్వరమొచ్చిన రోజు మేమూ అదే చేశాం. నా బిళ్ళ తగిలించుకుని తమ్ముడు పోలయ్య పనికి వెళ్ళాడు. అందులో తప్పుందని మాకు తోచనే లేదు. మధ్యాహ్నానికల్లా మస్తాన్‌గారు కనిపెట్టేశారు. మరునాడు మా ఇద్దరినీ ఆఫీసరు ముందు నిలబెట్టారు.

"ఇది మోసం. ఇతన్ని తీసేయండి," అన్నాడు ఆఫీసరు నన్ను చూపించి.

"మోసం కాదు సార్. వీళ్ళ పడవల్లో పద్ధతే అది. బిళ్ళ పెట్టుకోమని తిట్టినానే గాని, ఎందుకో చెప్పలేదు. తప్పు నాది. తీసేస్తే ముందు నన్ను తీసేయండి," అన్నారు మస్తాన్‌గారు. తర్వాత నావైపు తిరిగారు. "అబ్బయా, ఇది హాజరు బిళ్ళ కాదు. ఆ ఇసుకలోనించి కంటికి కనపడని కిరణాలు వస్తాయి. నీ ఒంటికి ఎంత తగిలినాయో ఇది చెప్తది. నీ తమ్ముడికి తగిలింది నీ లెక్కలో పడితే, వాడి సంగతి ఎవరు చూస్తారు? చేపలు పంచుకోండి, జీతం పంచుకోండి. ఇది మాత్రం పంచుకునేది కాదు."

"అట్టయితే నాకూ ఒక బిళ్ళ ఇయ్యండి మేస్త్రీ," అన్నాడు పోలయ్య.

ఆఫీసరుకు నవ్వొచ్చింది. మస్తాన్‌గారు నవ్వలేదు. "ఎవరైనా రాక నాగాలు పడినప్పుడు, వాళ్ళకు బదులు చేసే బదిలీ మనుషులు కావాలి గదా సార్," అని పట్టుబట్టారు. నా ఉద్యోగం నిలిచింది. నెల తిరక్కుండానే పోలయ్యను, మరికొన్ని ఇళ్ళ తమ్ముళ్ళను బదిలీ పనిలోకి తీసుకున్నారు. ఎవరి బిళ్ళ వారికిచ్చారు.

ఆయన తర్వాత నేను మేస్త్రీనయ్యాను. గేటు దగ్గర ఒక్కొక్కరి ముఖం చూసి, ఒంట్లో ఎలా ఉందని అడిగాకే లోపలికి పంపేవాణ్ణి. ఆలస్యమవుతోందని పైవాళ్ళు విసుక్కునేవారు. విసుక్కోనీ అనుకునేవాణ్ణి. ఆ రోజు తమ్ముణ్ణి పంపినప్పుడు ఇంటికొచ్చే జీతం పోకూడదనే చూశాం. వాడికేమవుతుందని నేను అడగలేదు, మా అమ్మ కూడా అడగలేదు. ఆయన అడిగారు.