నాలుగు పక్కలా ఐదడుగుల వరద

వరదలో చిక్కుకున్నవాళ్ళను మీరు చూసే ఉంటారు. వరద తగ్గాలని దండాలు పెట్టుకున్నవాళ్ళనూ చూసి ఉంటారు. కానీ "అయ్యా, మాకు వరద కావాలి, నాలుగు పక్కలా ఐదడుగుల ఎత్తున కావాలి, కదలకుండా పదేళ్ళు నిలబడాలి" అని సర్కారుకు దరఖాస్తు పెట్టుకున్న మహాతల్లిని మాత్రం చూసి ఉండరు. ఇదిగో చూడండి, నేనే. ఆ దరఖాస్తు నా చేత్తోనే రాశాను. పైగా ముఖ్యమైన మాటల కింద ఎర్ర సిరాతో గీతలు కూడా కొట్టాను.

మా ఊరు కొంటా, రాష్ట్రం సరిహద్దు దాటగానే శబరి నది ఒడ్డున ఉంటుంది; మా మాట తెలుగు, సర్కారు మాట హిందీ. ఊరి పేరే కొంటా అయినా, మా కొట్టుకొచ్చేవాళ్ళలో కొనేవాళ్ళకంటే అడిగి పోయేవాళ్ళే ఎక్కువ. మాది ఇనుప సామాను కొట్టు. ముళ్ళ తీగ చుట్టలు, జాలీ చుట్టలు, కంచెకు పాతే సిమెంటు కడీలు, మేకులు, గొళ్ళాలు అమ్ముతాం. నేను జగదల్‌పూర్‌లో డిగ్రీ ముగించి అప్పుడే ఇంటికొచ్చాను. ఇరవై రెండేళ్ళ వయసు. హిందీలో మంచి మార్కులు వచ్చాయి, అదే కొంప ముంచింది. గోడకు అంటించిన కంపెనీ కాగితం నాలుగుసార్లు చదివి, కంచెల గురించి నాకు తెలియనిది లేదని కూడా అనుకుంటున్నాను. అప్పటికి నేను నా చేత్తో ఒక్క గుంజ కూడా పాతలేదన్నది చిన్న విషయం.

వానలు మొదలైన రోజుల్లో ముత్తవ్వ వచ్చింది. గొల్లపల్లి దారిలో, మెట్ట మీద ఆమెకు గుడిసె, చిన్న చెలక ఉన్నాయి. కుడిచేతికి కట్టు ఉంది, వాకిట్లో జారిపడి విరగ్గొట్టుకుంది. ఎడమచేత్తో ముళ్ళ తీగను పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏంది పిల్లా, ఈ తీగ మేకను ఆపుతదా?"

నాకు ఇంతకంటే ఏం కావాలి. కంపెనీ కాగితం అప్పజెప్పాను. "ఆపుతది అవ్వా. పదడుగులకో కడీ, రెండడుగులు భూమిల దిగాలె. మూల కడీలకు ఏటవాలుగ దన్ను పెట్టాలె, లేకపోతే తీగ బిగించినప్పుడు లోపలికి ఒరుగుతయ్. నాలుగు వరసల తీగ."

"వరసకూ వరసకూ నడుమ ఎంత?"

"అడుగు పైన."

"మేకపిల్ల తల ఎంతుంటది?"

నేను గోడ వంక చూశాను. మేకపిల్ల తల సైజు కంపెనీవాళ్ళు రాయలేదు.

"తల దూరితే ఒళ్ళు దూరుతది బిడ్డా. ముళ్ళు దానికి ఓ లెక్కా. ముళ్ళు తినుకుంటనే పెరుగుతది గద."

"అయితే జాలీ కట్టుకో."

"జాలీ అడుగున పంది మూతి పెట్టి లేపితే?"

"అడుగున సిమెంటు పొయ్యాలె."

"మా మెట్ట మీద గడ్డపారే దిగదు, సిమెంటు ఏడ దిగుతది?" అని ముత్తవ్వ నా మీద జాలిపడి, స్టూలు మీద కూర్చుంది. అసలు కథ అప్పుడు చెప్పింది. ఆమె మిరపనారు పోసింది. మొదటిసారి మొలకలు మేకలు మేశాయి. రెండోసారీ మేశాయి. ఇప్పుడు మూడోసారి పోసిన నారు వేలెడెత్తు లేచింది. ఇంట్లో ఇంక గింజ విత్తనం లేదు. ఇదీ పోతే ఆ ఏడాదికి మిరప లేనట్టే. మామూలుగా వెదురు దడి తనే అల్లుకుంటుంది. ఈ చెయ్యితో కుదరదు. గుంజలు, వెదురు బద్దలు సిద్ధం చేయించి పెట్టింది, చుట్టాలు ఎల్లుండి వచ్చి అల్లిపెడతామన్నారు. ఈలోపు తీగ కంచె అంటే ఏందో చూద్దామని వచ్చింది, అంతే.

చూసి వెళ్ళిపోయేదే. నేను వెళ్ళనిస్తేగా.

"దడి ఎందుకవ్వా, ఏడాదికే కూలిపోతది. పొలాలకు కంచెలు వేసే స్కీము ఉన్నది. నేను హిందీల దరఖాస్తు రాస్త. మీ చుట్టాలను రావొద్దను."

కొట్టు లోపలినుంచి నాన్న తల ఎత్తాడు. "కంచె వచ్చినంక వద్దనొచ్చు గదనే. ముందే ఎందుకు?"

"నాయినా, నువ్వు ఊరుకో. పని అయిపోయినట్టే."

ముత్తవ్వ నా డిగ్రీని నమ్మింది. చుట్టాలను రావద్దని కబురు పెట్టింది.

ఇప్పుడు అసలు ఘోరానికి వద్దాం. హిందీలో కంచెను బాడ్ అంటారు. వరదను బాఢ్ అంటారు. మన చెవికి రెండూ ఒకటే. ఇంట్లో తెలుగు, కొట్లో దోర్లీ, గోండి, ఆఫీసులో హిందీ, ఇన్నిట్లో తిరిగే నాలుకకు ఒత్తు ఉందో లేదో చూసుకునే తీరిక ఎక్కడిది? రాయడానికి కూర్చున్నాక నాకూ అనుమానం వచ్చింది, చిన్న డ పెట్టాలా, పెద్ద ఢ పెట్టాలా అని. అప్పుడు నా బుర్రలో వెలిగిన ఆలోచన మీకు చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. ఢంకా, ఢక్కా, ఢీకొట్టడం, గట్టివన్నీ ఢతోనే ఉన్నాయి కదా. కంచె గట్టిగా ఉండాలి కాబట్టి గట్టి అక్షరమే పెడదామనుకున్నాను.

పెట్టాను. "మహోదయా, ఒంటరి వృద్ధురాలు. చెయ్యి విరిగింది. నాలుగు పక్కలా బాఢ్, ఐదడుగుల ఎత్తు. మేకల వల్ల చాలా నష్టం. ఆలస్యమైతే ఏమీ మిగలదు. వెంటనే రాగలరు." ఇవన్నీ ఎర్ర గీతల మాటలు. మధ్యలో నల్ల సిరాతో "అందరి పొలాలకూ ఉంది, ఈమెకే లేదు, దయచేసి పదేళ్ళు నిలబడేలా మంజూరు చేయండి" అని కూడా ఉంది. కానీ ఎర్ర గీతలుండగా నల్ల సిరా ఎవరు చదువుతారు? ఫోటో తీసి తహసీలు ఆఫీసు నంబరుకు పంపాను.

రెండు రోజులు వాన ఆగలేదు. మూడో రోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. కొట్టు రేకుల మీద చినుకుల మోత. అవతల ఒక సాబ్, హిందీలో చాలా కంగారుగా మాట్లాడుతున్నాడు.

"బాఢ్ మీరు రాసినంతేనా, ఇంకా పెరిగిందా?"

సర్కారువాళ్ళు ఇంత శ్రద్ధగా అడుగుతారని నేను అనుకోలేదు. "ఐదడుగులు చాలు సర్. ఇంకో అడుగు పెరిగితే సంతోషమే" అన్నాను.

"ఆ వృద్ధురాలు ఎక్కడుంది?"

"పొలం మధ్యలో గుడిసెలోనే సర్."

"చుట్టూ?"

"చుట్టూ కావాలి సర్. ఒక్క పక్క వదిలినా మేకలు వచ్చేస్తాయి."

"మేకలు కూడా ఉన్నాయా?"

"బోలెడున్నాయి సర్. ముందు వాటి సంగతే చూడాలి."

"వాటినీ ఎక్కించుకుపోతాం. ధైర్యంగా ఉండండి, ఎత్తైన చోట ఉండండి" అని, చివర్లో నావ్ తెస్తున్నామన్నాడు. హిందీలో నావ్ అంటే పడవ. వాన మోతలో నాకు నాప్ అని వినిపించింది. నాప్ అంటే కొలత. కొలతలు తీసుకోవడానికి వస్తున్నారు, పైగా మేకలను బండెక్కించి బందెలదొడ్డికి తోలుకుపోతారట. ఇంత కఠినమైన సర్కారు మనదని తెలిసి గర్వంగా అనిపించింది.

నాన్న బండి మీద నన్ను మెట్ట దగ్గర దింపాడు. మధ్యాహ్నానికి వాన ఆగింది. ముత్తవ్వ, నేను గుడిసె ముందు నిలబడి దారి చూస్తున్నాం. దూరంగా ట్రక్కు ఆగింది. ఆరుగురు మనుషులు నారింజరంగు జాకెట్లు వేసుకుని, నెత్తిన నల్లటి రబ్బరు పడవ మోసుకుంటూ మెట్ట ఎక్కుతున్నారు. ముందు ఒక సాబ్, మెడలో ఈల, చేతిలో తాళ్ళ చుట్ట.

"ఏంది బిడ్డా అది?" అంది ముత్తవ్వ.

"కొలతల సామాను కావచ్చు అవ్వా" అన్నాను.

సాబ్ రొప్పుతూ వచ్చి నాలుగు పక్కలా చూశాడు. నేల ఎర్రగా, ఆరిపోతూ ఉంది. "పానీ కహా హై?" అన్నాడు. నీళ్ళెక్కడ అని. ముత్తవ్వకు అంతమాత్రం హిందీ వచ్చు. పాపం ఎంత దప్పికో అనుకుని, లోపలికెళ్ళి సొరకాయ బుర్ర నిండా నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.

సాబ్ ఆ బుర్రను చూశాడు, పడవను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి నా దరఖాస్తు నా ముందు పెట్టాడు. "చదువు."

చదివాను. ఐదడుగుల బాఢ్ దగ్గరికి వచ్చేసరికి ఆరుగురిలో ఒకతను పడవ కిందికి తల దూర్చేసి నవ్వుతున్నాడు. సాబ్ నేల మీద పుల్లతో రెండు అక్షరాలూ పక్కపక్కన రాసి చూపించాడు. మూడో తరగతి పిల్లకు చూపించినట్టు చూపించాడు. డిగ్రీ పట్టా ఆ క్షణంలో చేతిలో ఉంటే నేనే మేకకు పెట్టేదాన్ని.

"నది పొంగితే అక్కడ మనుషులు ఎదురుచూస్తుంటారు, తెలుసా?" అన్నాడు సాబ్. గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. "ఇవ్వాళ ఎక్కడా పొంగలేదు కాబట్టి సరిపోయింది."

ఇంతలో ముత్తవ్వ కేక పెట్టింది. మేము అక్షరాలు దిద్దుకుంటుంటే మేకలు నారుమడిలో దిగాయి. ఐదారు మేకలు, వంచిన తలలు ఎత్తకుండా మేస్తున్నాయి. అందరం పరుగెత్తాం. సాబ్ ఈల ఊదాడు. మేకలు ఈలకు లొంగలేదు, జాకెట్లకు బెదిరాయి. తోలేసరికి మడి సగం బోడి అయిపోయింది.

ముత్తవ్వ మడి గట్టున కూర్చుని, మిగిలిన మొక్కల మీద మట్టి ఎడమచేత్తో దులుపుతోంది. "చుట్టాలు వచ్చి ఉంటే నిన్ననే దడి లేచేది" అంది, తనలో తాను అనుకున్నట్టు. నాకు ఏడుపొచ్చింది. నవ్వుల కథ చెబుతున్నానని దాచను, నిజంగానే ఏడ్చాను.

మేకలు పొద దగ్గర నిలబడి మళ్ళీ ఇటే చూస్తున్నాయి. సాబ్ వాటిని చూశాడు, మడిని చూశాడు, తన మనుషులకు సైగ చేశాడు. వాళ్ళు పడవ ఎత్తుకొచ్చి, బోర్లా తిప్పి, మిగిలిన నారు మీద మూతలా దించారు. ఆ పడవ ఆ రోజు నిజంగానే ప్రాణాలు కాపాడింది. అవి మిరపమొక్కల ప్రాణాలు, అంతే తేడా.

ముత్తవ్వ కళ్ళు తుడుచుకుని లేచింది. చూరు కింద పేర్చిన గుంజలు చూపించి సాబ్‌తో అంది, "మనుషులున్నరు, వెదురున్నది. వచ్చినోళ్ళు వట్టిగ పోతరా?" నేను హిందీలోకి మార్చి చెప్పాను. ఈసారి ఒత్తులు చూసుకుని చెప్పాను.

సాబ్ చేతిగడియారం చూసుకున్నాడు, ఫోన్లో ఎవరితోనో మాట్లాడాడు, తర్వాత చొక్కా చేతులు మడిచాడు.

కంచె కట్టడం నేను అప్పుడు నేర్చుకున్నాను. గుంజల మొదళ్ళు ముందే నిప్పులో నల్లగా కాల్చి ఉన్నాయి, చెద పట్టకుండా. వానకు మెత్తబడ్డ నేలలో మూరెడు లోతున పాతి, చుట్టూ రాళ్ళు కూరి, మన్ను తొక్కాలి. వెదురు బద్దను ఒక గుంజ ముందునుంచి, తర్వాతి గుంజ వెనకనుంచి పోనిచ్చి అల్లాలి, పై బద్ద దానికి ఎదురుగా నడవాలి. కట్టడానికి అడ్డతీగ నార, అడవిలో దొరికే తీగ, ముత్తవ్వ ముందే నీళ్ళలో నానబెట్టి ఉంచింది. సాబ్ తన దగ్గరున్న నైలాన్ తాడు ఇవ్వబోయాడు.

"అది ఎండకు వదులైతది. నార ఎండిన కొద్దీ బిగుస్తది" అంది ముత్తవ్వ.

సాబ్ నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. "కింద ఇంత ఒత్తుగా, పైన పలచగా ఎందుకు?"

"పైన ఒత్తుగుంటే గాలి తోస్తది. కింద సందుంటే మేకకు పచ్చగ కనపడుతది. కనపడ్డదంటే ఏ కంచె అయినా దాటుతది. కనపడకపోతే దానికి యాదికే రాదు."

నాలుగు వరసల ముళ్ళ తీగ అమ్మే పిల్లను, ఆ మాటకు నోరు తెరిచి నిలబడ్డాను. మా కంపెనీ కాగితం అంతా కడీల గురించే, తీగ గురించే. మేక ఏం చూస్తుందో అందులో ఒక్క ముక్క లేదు. ముత్తవ్వ ముందు మేకను చదివి, తర్వాత కంచె కట్టింది.

దడి మొదలు దగ్గర, పంది మూతి పెట్టకుండా, బయటివైపుకు ముళ్ళకంప పేర్చే పని నాకు పడింది. నాకో నారింజ జాకెట్టు తొడిగారు. ముళ్ళు దిగవని. పొద్దు వాలేసరికి దడి నిలబడింది, సరిగ్గా ఐదడుగుల ఎత్తున. పడవ ఎత్తి చూస్తే మిగిలిన సగం నారు క్షేమంగా ఉంది. వెళ్ళేముందు సాబ్ రిపోర్టు రాసుకున్నాడు: "స్వయంగా పరిశీలించాం. నాలుగు పక్కలా గట్టిగా ఉంది. వృద్ధురాలు క్షేమం." ఏది గట్టిగా ఉందో, ఏ అక్షరంతో రాశాడో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ సగం నారే ముత్తవ్వ చెలకంతా పరుచుకుంది. చలికాలంలో గంపెడు పచ్చిమిరపకాయలు తెచ్చి మా కొట్టు బల్ల మీద పోసింది. "ఇగో బిడ్డా, నీ వరదల కాసినయ్."

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మరుసటి వానాకాలం శబరి నిజంగానే పొంగి మా వీధిలోకి వచ్చింది. జనమంతా గట్టు మీది బడికి చేరాం. దరఖాస్తు ఎవరు రాయాలంటే అందరూ నన్నే చూపించారు. ఆ పెద్ద ఢ నన్ను ఒకసారి ముంచింది, మళ్ళీ దాని జోలికి పోనని, ఎంతో జాగ్రత్తగా చిన్న డ పెట్టి రాశాను. "మహోదయా, మా వీధిని మూడు పక్కలా కంచె చుట్టుముట్టింది. గంట గంటకూ పెరుగుతోంది."

అరగంటలో ఫోన్ వచ్చింది. అదే సాబ్. నవ్వాపుకుంటున్నాడని గొంతులోనే తెలుస్తోంది.

"అమ్మా, ఎర్ర గీతలు చూసి గుర్తుపట్టాను. ఈసారి పడవ తేవాలా, వెదురు తేవాలా?"

"పడవే సర్" అన్నాను. పడవ వచ్చింది, అందరం క్షేమం. పడవలో ఒక మూల, ఎందుకైనా మంచిదని, రెండు వెదురు బద్దలు కూడా పెట్టుకొచ్చాడు.

అందుచేత శబరి సాక్షిగా, ముత్తవ్వ దడి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఈ జన్మలో ఆ మాట నా చేత్తో మళ్ళీ రాయను. అవసరం పడితే బొమ్మ గీస్తాను. నీళ్ళయితే అలలు, కంచయితే కర్రలు, తప్పు పోయే సందే లేదు. మొన్న మా దొడ్డి కంచె కోసం అలాగే గీసి పంపాను. ఆఫీసు నుంచి జవాబు కూడా వచ్చింది, నిచ్చెనలు వాళ్ళ స్కీములో లేవట.