నడిచిన దుమ్ము

నా చిన్నప్పుడు కంచరపాలెంలో మా ఇంట్లో ఏ వస్తువు తుడిచినా గుడ్డ ఎర్రబడేది. పోర్టు నుంచి వచ్చే ఇనుప ఖనిజం దుమ్ము అది. బిందెల మీద, దండెం మీది బట్టల మీద, వరండాలో కుండీలోని తులసి మీద, అంతటా అదే. రోజూ ఆకులు పైపైన తుడవడం, మళ్ళీ పట్టడం. అలవాటైపోయి ఎవరం పట్టించుకునేవాళ్ళం కాదు.

ఒక ఎండాకాలం రేకు కిందున్న ఆ తులసి ఆకులు తెల్లచుక్కలు పడి, పాలిపోయి రాలడం మొదలైంది. మా మామ్మ క్షణం కూడా ఆలోచించలేదు. నేరం మా అక్క మీద పెట్టేసింది. అక్క పెద్దమనిషై ఏడాది కూడా కాలేదు అప్పటికి. "ముట్టుతో ముట్టీసుంటాది. లేపోతే తులసమ్మ ఎందుకెండిపోతాది?" అని వీధంతా వినేలా అంది. ముట్టుకోలేదని అక్క ఒట్టేసినా వినలేదు. ఇక ఏ రోజైనా సరే, అక్క వరండాలోకి రాకూడదట! స్కూలుకి కూడా పాపం దొడ్డిదారిన, మురిక్కాలువ దాటుకుంటూ పోయేది. నాన్న పేపరు చాటుకి, అమ్మ పొయ్యి దగ్గరికి తప్పుకున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

అక్క ఏడుపు విని పక్కింటి పిన్ని వచ్చింది. ఆవిడ ఇంటినిండా కుండీల్లో క్రోటన్లు పెంచేది. తులసి ఆకు ఒకటి తిరగేసి చూసి, నాన్న తెల్ల తువ్వాలు తెమ్మని నన్ను పంపింది. దాన్ని కొమ్మ కింద పరిచి గట్టిగా తట్టింది. ఎర్రటి పొడి రాలింది.

"ఇదేటి మామ్మా?"

"ఏటుంటాది? పోర్టు దుమ్ము."

"మరి సరిగ్గా సూడు. నడుత్తన్నాది."

అందరం వంగి చూశాం. నిజమే, దుమ్ము నడుస్తోంది! సూదిమొనంత ఎర్రనల్లి, ఆకు అడుగున సన్నటి బూజు అల్లుకుని రసం పీల్చేస్తోంది. వాన తగలని, దుమ్ము పట్టిన మొక్కంటే దానికి అత్తారిల్లేనట. మేం పైన తుడిచామే గాని ఏనాడూ ఆకు తిరగేసి చూడలేదు.

పిన్ని పాడైన కొమ్మలు తుంచి, కుండీని మిగతా మొక్కలకి ఎడంగా పెట్టింది. పల్చటి సబ్బునీళ్ళతో ఆకుల అడుగు కడగబోతే మామ్మ అడ్డుపడింది, తులసమ్మకి సబ్బేటే అని. "నువ్వు తలంటుకోవేటి?" అంది పిన్ని. కడిగి, మళ్ళీ మంచినీళ్ళు పోసింది. మధ్యమధ్యలో వచ్చి అలాగే కడుగుతుంటే వానలు పడేసరికి చిగుళ్ళు వేసింది.

అప్పుడు మామ్మ ఏమందో తెలుసా? "తులసమ్మ శాంతించింది" అంది. అంతే! తప్పు పురుగుదని కళ్ళారా చూసి కూడా, పొరపాటైందమ్మా అన్న ముక్క అక్కతో అనలేదు. పైగా ఏమీ జరగనట్టు నీళ్ళ చెంబు చేతికిచ్చింది. అక్క దాన్ని గుమ్మంలో పెట్టేసింది.

"నాను పొయ్యను. రేపెండితే మళ్ళీ నన్నే అంటారు."

ఇప్పుడు అక్కకి మనవలున్నారు. ఈనాటికీ తులసికి తన చేత్తో నీళ్ళు పొయ్యదు. నేను మాత్రం ఎక్కడైనా మొక్క ఎండితే "ఆవిడ చెయ్యి మంచిది కాదు" అన్న మాట వింటే ఊరుకోను. మర్యాదా మన్ననా చూడను. నా తెల్ల రుమాలు తీసి ఆ ఇంటివాళ్ళ మొక్క కింద పరిచి, ముందు దీన్ని చూడండి అంటాను.