దండు తాత పేరు

చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు పలికించమని పలుకులతల్లికి మ్రొక్కి మొదలుపెడుతున్నాను. శ్రీ శుభకృత్ నామ సంవత్సర భాద్రపద బహుళ చతుర్దశి, స్థిరవాసరం రాత్రి. ఇందులో ఒక్క అక్షరం కల్పన లేదు. నమ్మినా సరే... నమ్మకున్నా సరే.

పాత యుద్ధపతకాలు సేకరించడం నాకు చిరకాలపు వ్యసనం. తెలుగు పండితుడికి తుపాకుల గొడవ దేనికని మిత్రులు నవ్వుతారు. నాకు కావలసింది తుపాకులు కావు, అంచులు. ఆంగ్ల ప్రభుత్వం వారిచ్చిన పతకాల అంచు మీద, పొందినవాడి సంఖ్య, పేరు, దళం ముద్రించి ఉంటాయి. ఏ శాసనంలోనూ చోటు దక్కని కూలివాడి పేరు అక్కడ దొరుకుతుంది.

కేతేపల్లి దగ్గరి ఒక పల్లెలో, తమ ఇంట అటువంటిదొకటి ఉన్నదని యాదగిరి చెప్పాడు. ఒకనాటి నా శిష్యుడు. ఇప్పుడు చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పని. ఆ సాయంత్రం నన్ను వాళ్లింట దించి తాను రాత్రి డ్యూటీకి వెళ్లిపోయాడు. ఇంట్లో వాళ్లమ్మ ఎల్లమ్మ ఒక్కతే. వాన పట్టుకుంది. కరెంటు పోయింది. దానితో పాటు నా తిరుగు ప్రయాణమూ పోయింది.

ఎల్లమ్మ దేవుని గూట్లోంచి పసుపు గుడ్డ తీసి, విప్పి, పతకం నా అరచేతిలో పెట్టింది.

కంచు. వెండి కాదు... మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన సిపాయిలకు వెండి పతకం. బరువులు మోసిన కూలిదళాల వారికి అదే అచ్చులో కంచు. ఒకవైపు రాజు తల. రెండవవైపు అశ్వారూఢుడైన వీరుడు. ఆ వీరుడికి నిండా పసుపు, నడుమ కుంకుమ.

“గాయన మల్లన్న గద సారూ. గుర్రమెక్కినంక మల్లన్న గాక ఇంకెవలు?”

దిద్దబోయి ఊరుకున్నాను.

“ఇది ఎవరికి వచ్చిందక్కా?”

“దండు తాతకు. మా ఇంటాయన తాత. దండుల జేరి సముద్రం దాటి బస్రాకు పోయిండు. ఆయన రాలె. గిదొక్కటే అచ్చింది.”

“పేరు?”

“దండు తాత.”

“అది పేరు కాదు కదా.”

“నన్నేం జెయ్యమంటవు? ఆయన పెండ్లాం మొగని పేరు నోట్లకెల్లి తియ్యలె. మా అత్త తన మామ పేరు తియ్యలె. మా ఇంటాయన్నడిగితే, తాత పేరు తాతనే అని ఎక్కిరిస్తుండె. ఇగ నాకెట్ల ఎరుకైతది?”

అంతలోనే ఆమె గొంతు మారింది.

“తెల్లారితే పెత్తరమాస. పెద్దల పేరు మీద బియ్యమియ్యాలె. ఇన్నేండ్లు దండు తాత అనే ఇచ్చినం. కొత్తగచ్చిన అయ్యగారు పేరు లేంది ముట్టదంటుండు. గంత దూరం పోయి సచ్చినోడు... ఇన్నొద్దులు ఆకలితోని ఉన్నడేమో సారూ. జర సదువు.”

దీపం దగ్గరికి జరిగాను. భూతద్దం తీశాను. అంచును మెల్లగా తిప్పాను. సంఖ్య ఉంది. పక్కన ఇంగ్లీషు అక్షరాలలో పేరు మొదలవుతోంది. లచ్... అంతే. ఆ తరువాత అంతా నున్నన. ఏటేటా చింతపండు పెట్టి తోమిన భక్తికి మిగతా అక్షరాలు అరిగిపోయాయి.

ఇక ఊహించవలసిందే. ఏండ్ల తరబడి బడిలో హాజరు పిలిచిన గొంతు నాది. అప్రయత్నంగా ఆ గొంతుతోనే, అంచు మీది సంఖ్య చదివి, పిలిచాను.

“లచ్చయ్యా!”

రేకుల మీద వాన. వాకిట్లో బర్రె నెమరు వేస్తున్న చప్పుడు.

“లచ్చన్నా!”

వాన... నెమరు...

మళ్లీ సంఖ్య చదివాను.

“లచ్చుమయ్యా!”

నెమరు ఆగింది.

ముందు గమనించింది అదే. వాన ఆగలేదు... నెమరు ఆగింది. అప్పుడు... తలుపు అవతలి నుంచి... బిగ్గరగా కాదు, గుసగుసగానూ కాదు... వరుసలో నిలబడ్డవాడు తన వంతు రాగానే పలికినట్టు...

“హాజిర్, సాబ్.”

ఎల్లమ్మ గబుక్కున లేచింది. చీరకొంగు తలమీదికి లాక్కుంది. పెద్దమామ ఎదురైన కొత్తకోడలిలా గోడవార ఒదిగి నిలబడింది.

నాకు భయం వేసింది, కాదనను. కానీ అంతకు మించినది కుతూహలం. పడుచు గొంతు అది. అలసిన గొంతు. ఇంకొక్క మాట వినబడితే బాగుండునని ఊపిరి బిగబట్టాను.

“ఏ దళం నీది?” అని అడిగాను. అవును... అడిగాను.

తలుపు తీశాను. వానజల్లు ముఖాన కొట్టింది. బర్రె చెవులు రిక్కించి దారివైపు చూస్తోంది. మనిషి జాడ లేదు.

“దొరికింది గద సారూ,” అన్నది ఎల్లమ్మ వెనుకనుంచి, చాలా మెల్లగా. “తలుపెయ్యకు. గట్లనే ఉండనీ.”

తలుపు తెరిచే ఉంచాము. మరేమీ వినబడలేదు.

పొద్దున యాదగిరి వచ్చి, విని, నవ్వాడు. “ఎవడో తాగినోడు అన్నడేమోనే, అవ్వా.”

“తాగినోడు ఒక్క మాటని ఊకుంటడార? నీ లెక్క రాత్రంత ఒర్రడా?”

వాడు తల వంచుకుని చేట తేవడానికి లోపలికి పోయాడు.

అయ్యగారు వచ్చి కూర్చున్నారు. చేటలో బియ్యం, పక్కన పప్పు, కూరగాయలు. గోత్రం అయింది. “పేరు?” అన్నారు. ఎల్లమ్మ కొంగు సర్దుకుంది. నోరు విప్పలేదు. రాత్రి తన చెవులతో విన్న పేరే. అయినా విప్పలేదు. నా వైపు చూసింది. యాదగిరి కూడా నా వైపే చూశాడు.

ఆధారం లేని పాఠాన్ని ఒప్పుకొన్నవాణ్ని కాను నేను. అంచు మీద ఉన్నది సగం పేరు. తక్కినది... విన్నది. దారిన పోయేవాడెవడో వేళాకోళం చేశాడేమో. కోరుకున్నది చెవికి తోచిందేమో. మరి ఆమెకూ తోచిందా? బర్రెకూ తోచిందా? ఆనాడు తేల్చుకోలేదు. ఇప్పటికీ తేల్చుకోలేదు.

శుభకృత్ భాద్రపద బహుళ అమావాస్య, ఆదివారం ఉదయం, బస్రాకు వెళ్లి తిరిగిరాని లచ్చుమయ్య పేరిట ఆ ఇంట బియ్యం ఇచ్చారు. పేరు చెప్పింది నేనే.